అడిగాకే నోట్లోకి: మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు మేలు చేసేవి, హాని చేసేవి నేర్పే పద్ధతి

కర్పూరం హారతికి కావాలి. అదే బిళ్ల చిన్నపిల్లల నోట్లో పడితే నిమిషాల్లో ఫిట్స్ రావచ్చు. ఐరన్ మాత్ర గర్భిణికి రక్తం పట్టిస్తుంది. అవే మాత్రలు గుప్పెడు మింగిన మూడేళ్ల పాప ప్రాణం మీదికి వస్తుంది. పారాసిటమాల్ సిరప్ కొలిచి పోస్తే జ్వరం దిగుతుంది, సీసా ఎత్తి తాగితే కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి "ఇవి మంచివి, ఇవి చెడ్డవి" అని జాబితా చదివి వినిపిస్తే సరిపోదు. ఏ పదార్థమైనా ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎవరి చేతి మీదుగా అన్నదాన్ని బట్టి మేలో కీడో చేస్తుంది. నాలుగేళ్ల పిల్లలు ఈ లెక్కలన్నీ వేయలేరు, వేయాలని మనం ఆశించకూడదు. ఆ వయసులో గట్టిగా నాటగలిగేది ఒక్క అలవాటే: ఏదైనా నోట్లో పెట్టుకునే ముందు పెద్దవాళ్లను అడగడం. కింద చెప్పేవన్నీ ఆ అలవాటు చుట్టూ అల్లినవే. అమ్మానాన్నలకూ, మనవల్ని చూసుకునే నానమ్మ తాతయ్యలకూ, అంగన్‌వాడీ, ప్లేస్కూల్ టీచర్లకూ ఇది పనికొస్తుంది.

మూడేళ్లలోపు పిల్లల విషయంలో పాఠాన్ని నమ్ముకోవద్దు. వాళ్లకు రక్షణ తాళమే.

ముందు ఇల్లు సర్దండి

పాఠం మొదలుపెట్టడానికి ముందు ఒక ఆదివారం ఇల్లంతా మోకాళ్ల మీద తిరగండి. నిలబడితే కనిపించనివి అప్పుడు కనిపిస్తాయి: సింక్ కింద డ్రెయిన్ పౌడరు, మంచం కింద బొద్దింకల చాక్‌పీసు గీత, గోడ సాకెట్లో దోమల మెషిన్ రీఫిల్, పూజ గూట్లో కర్పూరం డబ్బా, దిండు పక్కన బీపీ మాత్రల షీటు.

అన్నిటికంటే ముందు మార్చాల్సింది సీసాలు. మన కాలనీల్లో బండి మీద తెచ్చి అమ్మే యాసిడ్, ఫినాయిల్ చాలాసార్లు పాత నీళ్ల సీసాల్లోనో, కూల్‌డ్రింక్ సీసాల్లోనో వస్తాయి. పిల్లలు గుర్తుపట్టేది లోపలి ద్రవాన్ని కాదు, సీసా ఆకారాన్ని. "ఇది తాగేది" అని ఆ సీసా వాళ్లకు ఎప్పుడో నేర్పేసింది. ఆ నేర్పిన దాన్ని ఏ పాఠంతోనూ చెరపలేం. సొంత డబ్బాలో, బిగుతు మూతతో వచ్చే రకానికి మారండి. కిరోసిన్, థిన్నర్, పెట్రోల్‌కూ ఇదే నియమం. బాత్‌రూమ్ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. పిల్లలు ఇంట్లో ఉండగా ఆ రెంటిలో ఏదీ వాడకపోవడం ఇంకా మంచిది.

ఎత్తులో పెట్టామని ధీమా పడొద్దు. మూడేళ్లు దాటిన పిల్లలు స్టూలు లాక్కుని ఎక్కుతారు. ఎత్తుతోపాటు తాళం కూడా ఉండాలి. ఒకే గది ఉన్న ఇంట్లో ఓ చిన్న ట్రంకు పెట్టె చాలు: మాత్రలు, ఎలుకల మందు, యాసిడ్, సున్నం ట్యూబ్, అదనపు బ్యాటరీలు అన్నీ అందులో పెట్టి తాళంచెవి మేకుకు తగిలించండి. మాత్రలు మాత్రం వేరే డబ్బాలో మూసి పెట్టండి, కారిన యాసిడ్ వాటికి తగలకూడదు.

బ్యాటరీల సంగతి చాలామందికి తెలియదు. రిమోట్లు, తూకం మెషిన్లు, వెలిగే బొమ్మల్లో ఉండే బిళ్ల బ్యాటరీ, ముఖ్యంగా 20 మి.మీ. వెడల్పుది, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. స్క్రూ లేని మూత ఉన్న బొమ్మ కొనొద్దు. కొనేసి ఉంటే మూతకు గట్టి టేపు చుట్టండి.

ఒకే నియమం, ఒకే మాట

ఇంట్లో అందరూ ఒకే వాక్యం వాడాలి. మేం సూచించేది ఇది: "తెలియనిది ముట్టుకోను, అడిగాకే నోట్లో పెట్టుకుంటాను." అమ్మ ఒకలా, నానమ్మ ఇంకోలా చెబితే పిల్లలకు అది నియమంలా కాదు, ఒక్కొక్కరి కోపంలా వినిపిస్తుంది. పళ్లు తోమేటప్పుడు, అన్నానికి కూర్చునేటప్పుడు, బయటికి వెళ్లే ముందు, రోజూ అదే వాక్యం.

భయపెట్టి చెప్పొద్దు. "తింటే చచ్చిపోతావ్" అని విన్న పిల్లలు పొరపాటున ఏదైనా మింగితే దాచేస్తారు. దాచిన ఆ అరగంటే ప్రమాదం. "తింటే కడుపు మంట పుడుతుంది, దవాఖానాకు పోవాల్సి వస్తుంది. ఎప్పుడు తిన్నా, ఏం తిన్నా వెంటనే వచ్చి చెప్పు, నిన్ను తిట్టను" అనండి. చెప్పినప్పుడు నిజంగా తిట్టకండి. ఈ మాట ఒక్కసారి తప్పినా పిల్లలు మళ్లీ చెప్పరు.

మాట వాడకంలో ఒక జాగ్రత్త. దగ్గుకూ మందే, దోమలకూ మందే, ఎలుకలకూ మందే అంటూ ఉంటే పిల్లల బుర్రలో అవన్నీ ఒక గంపలో పడతాయి. పిల్లల ముందు "ఎలుకల విషం", "దోమల విషం" అనండి. మందు అన్న మాటను డాక్టరు ఇచ్చినదానికే ఉంచండి.

మూడు పళ్లాల ఆట

నియమం నోటికి వచ్చిన వారం తర్వాత ఆట మొదలుపెట్టండి. నేల మీద మూడు పళ్లాలు పెట్టండి. ఒకటి "తినేవి". రెండోది "పెద్దవాళ్లు ఇస్తేనే". మూడోది "ఎప్పుడూ నోట్లో కాదు". ఇంట్లోని వస్తువులకే ఫోన్‌తో ఫొటోలు తీసి, జిరాక్స్ షాపులో రంగుల్లో ప్రింటు తీయించి అట్టముక్కల మీద అంటించండి. పన్నెండు అట్టలు చాలు. మార్కెట్లో దొరికే చార్టులకంటే ఇవే మేలు, ఎందుకంటే పిల్లలు రోజూ చూసేది వాళ్లింటి ఫినాయిల్ డబ్బాను.

అసలు డబ్బాలు తెచ్చి ఆడించొద్దు, ఖాళీవి కూడా. ఆటలో చేతికిచ్చిన డబ్బాను పిల్లలు రేపు ధైర్యంగా పట్టుకుంటారు.

ఒక విడతకు నాలుగు అట్టలు, పది నిమిషాలు. అరటిపండు, నీళ్లు, జొన్నరొట్టె మొదటి పళ్లెంలోకి. జ్వరం సిరప్, ఐరన్ మాత్ర, ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే పొడి) రెండోదాంట్లోకి. యాసిడ్, బిళ్ల బ్యాటరీ, గుట్కా పొట్లం, కర్పూరం మూడోదాంట్లోకి. పిల్లలు తప్పుగా పెడితే "కాదు" అనకుండా "ఇది ఎవరిని అడగాలి?" అనండి. సమాధానం అదే రావాలి: "అమ్మను." పళ్లెం తప్పినా అడగాలన్న మాట వచ్చిందంటే ఆట గెలిచినట్టే. ఇక్కడే చాలామంది పెద్దలు పొరపడతారు. పిల్లలు పన్నెండు అట్టలూ సరిగ్గా పెట్టేస్తే పాఠం అయిపోయిందనుకుంటారు. కానీ రేపు ఎదురయ్యేది పదమూడో వస్తువు. అందుకని ప్రతి విడతలోనూ పిల్లలకు అస్సలు తెలియని ఒక అట్ట కలపండి, "నాకు తెలీదు, అడుగుతా" అన్నప్పుడు గట్టిగా మెచ్చుకోండి.

డబ్బాల మీద పుర్రె బొమ్మ స్టిక్కరు అంటిస్తే సరిపోతుందని కొందరి నమ్మకం. చిన్నపిల్లల్ని అది ఆపదు, కొందరికి బొమ్మగా ఆకర్షణ అవుతుంది. ఐదేళ్లు దాటాక గుర్తులు నేర్పొచ్చు గానీ, రంగుల దగ్గర జాగ్రత్త. తినుబండారాల పొట్లం మీది ఆకుపచ్చ చుక్క అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, ఆరోగ్యానికి మంచిదని కాదు. పురుగుమందు డబ్బా మీది డైమండ్ గుర్తులో ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ కూడా విషమే, కాస్త తక్కువ అంతే. "ఆకుపచ్చ అంటే మంచిది" అని స్కూల్లో నేర్చుకున్న పిల్లలకు ఇది విడమరిచి చెప్పాలి.

ఒకేలా కనిపించేవి

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, కాబట్టి ఈ పాఠానికి ఎక్కువ రోజులు కేటాయించండి. జంటలుగా ఫొటోలు చూపించి "ఏది తినేది?" అని అడగండి. కొన్ని జంటల్లో పెద్దవాళ్లే తడబడతారు. పిల్లలు గ్రహించాల్సింది సరిగ్గా అదే: చూసి చెప్పలేం.

కర్పూరం, పటికబెల్లం. చిన్నపిల్లలకు ఒక గ్రాము కర్పూరం దగ్గరే ప్రాణాపాయం మొదలవుతుంది. లడ్డూలో చిటికెడు వేసే పచ్చకర్పూరం డబ్బా కూడా తాళంలోకే వెళ్లాలి. నీలగిరి తైలానిదీ ఇదే తీరు, కొద్దిగా తాగినా మత్తు, ఫిట్స్.

నీళ్లలో కలిపిన ఫినాయిల్, మజ్జిగ. తడిగుడ్డ పెట్టే బకెట్ పక్కన చెంబు ఉంచొద్దు.

బొద్దింకల చాక్‌పీసు, పలక మీద రాసే బలపం. బలపాలు, మట్టి తినే అలవాటున్న పిల్లలకు ఇది రెట్టింపు ప్రమాదం. ఆ అలవాటు తరచూ రక్తహీనత వల్ల వస్తుంది, తిట్టే బదులు బస్తీ దవాఖానాలో చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష అడగండి.

ఎలుకల పేస్టు, టూత్‌పేస్టు. కొన్ని ఎలుకల పేస్టుల్లో 3 శాతం పసుపు భాస్వరం ఉంటుంది. మింగిన పిల్లలు ఒకటి రెండు రోజులు మామూలుగా ఆడుకుంటూ కనిపించి, ఆ తర్వాత కాలేయం దెబ్బతిని కుప్పకూలవచ్చు. "బాగానే ఉన్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోవడమే ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు.

ఐరన్ మాత్రలు, జెమ్స్ బిళ్లలు. ప్రభుత్వ పథకంలో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇస్తారు, గర్భిణులకు ఎర్రది. స్కూల్లో టీచరు గులాబీది ఇచ్చి "మంచి మాత్ర" అన్నాక, ఇంట్లో అమ్మ ఎర్ర మాత్రలు కూడా మంచివే అనుకుంటారు. టీచర్లు మాత్ర ఇచ్చే రోజే ఈ మాట చెప్పాలి: "ఇది నేనిస్తేనే, ఒక్కటే. ఇంట్లో ఉన్నవి ముట్టుకోవద్దు."

పండగలప్పుడు ఈ జాబితా పెరుగుతుంది. దీపావళికి వచ్చే పాము బిళ్లలు చూడ్డానికి అచ్చం మాత్రలే. వినాయక చవితి పత్రిలో ఇరవై ఒక్క ఆకులుంటాయి, అందులో దత్తూరం అంటే ఉమ్మెత్త, కరవీరం అంటే గన్నేరు, అర్కం అంటే జిల్లేడు. మూడూ విషమే. పూజ కాగానే పత్రి పిల్లలకు అందకుండా తీసేయండి. ఆకులు చూపిస్తూ పేర్లు నేర్పడానికి ఇంతకంటే మంచి రోజు లేదు: "ఇది తులసి, నానమ్మ ఇస్తే నమలొచ్చు. ఇది ఉమ్మెత్త, దేవుడికి మాత్రమే. ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి." పార్కుల్లో, రోడ్డు డివైడర్ల మీద గన్నేరు పూలు కోయనివ్వకండి. పచ్చగన్నేరు కాయలు, గురివింద గింజలు ఆటకు కూడా ఇవ్వొద్దు.

మందుల గురించి ఎలా చెప్పాలి

మందును చాక్లెట్ అనకండి. పిల్లాడి నోరు తెరిపించడానికి ఆడే ఆ చిన్న అబద్ధమే రేపు ఆ సీసా మొత్తం ఖాళీ చేయిస్తుంది. "ఇది జ్వరం తగ్గే మందు. చేదుగా ఉన్నా ఈ గీత వరకే తాగాలి. ఎక్కువైతే మందే కీడు చేస్తుంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఐదేళ్ల పిల్లలకు కొలత మూత చేతికిచ్చి 5 మి.లీ. గీత చూపించండి, పోసే పని మాత్రం మీది. కొలత అన్న భావన వాళ్లకు బాగా ఎక్కుతుంది, ఇష్టంగా చూస్తారు కూడా.

పెద్దలు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్‌లో 5 మి.లీ.కు 120 లేదా 250 మి.గ్రా. అంటే చుక్కల మందు 120 సిరప్‌కు నాలుగు రెట్లకు పైగా గాఢం. సిరప్ కొలతతో చుక్కల మందు పోయడం వల్ల మోతాదు మించిపోతుంది. ప్రతిసారీ లేబుల్ చదవండి, ఇంటి చెంచా కాకుండా సీసాతో వచ్చిన మూతే వాడండి, డాక్టరు బరువును బట్టి రాసిన మోతాదే ఇవ్వండి. జలుబు, దగ్గు సిరప్‌లు సొంతంగా కొని పోయొద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ లేబుల్ మీద రాయించింది. మాత్రల షీటు వెనక ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే వాడాల్సినదని అర్థం.

మేలు చేసేదాన్ని నేర్పడానికి ఓఆర్‌ఎస్ చక్కని ఉదాహరణ. లీటరు నీళ్లలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా పొటాషియం, సిట్రేట్. ఇదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత. పిల్లల చేత లీటరు సీసా నింపించి, లీటరు ప్యాకెట్ మొత్తం మీరు కలపండి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువైపోతుంది, అది హాని. ఒకే పొడి, నీళ్ల కొలత తప్పితే కీడు: దీన్ని ఆరేళ్ల పిల్లలు కళ్లారా చూసి అర్థం చేసుకుంటారు. కలిపింది 24 గంటల్లో వాడేయాలి. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మడం మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకాన్ని ఆపింది. ఆమెకు పిల్లలున్న ప్రతి ఇల్లూ రుణపడి ఉంటుంది. అయినా కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి.

చిరుతిళ్లనూ కూల్‌డ్రింకులనూ మాత్రం విషాల పక్కన పెట్టొద్దు. చిప్స్‌ను కూడా విషం అంటే, చిప్స్ తిని ఏమీ కాలేదని చూసిన పిల్లలు యాసిడ్ గురించి చెప్పిందీ నమ్మరు. "రోజూ తినేవి, పండక్కి తినేవి" అని వేరే మాట వాడండి. టీ కూడా పిల్లలకు వద్దు, భోజనంతో తాగితే ఆహారంలోని ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

గుట్కా, సిగరెట్, కల్లు

ఇంట్లో ఎవరూ వాడకపోతే ఈ పాఠం తేలిక. వాడేవాళ్లుంటే అదే కష్టం. తాతయ్య జర్దా వేసుకుంటారు, పిల్లలకు తాతయ్య అంటే ప్రాణం. "అది తినేవాళ్లు చెడ్డవాళ్లు" అంటే పిల్లలు మీ మాటను వదిలి తాతయ్యనే పట్టుకుంటారు. ఇలా చెప్పండి: "తాతయ్య మంచివాడే. ఆ పొట్లం మాత్రం మంచిది కాదు, అలవాటైతే మానడం చాలా కష్టం. తాతయ్యకూ కష్టంగానే ఉంది. నువ్వు వాసన కూడా చూడొద్దు." తాతయ్యే స్వయంగా ఈ మాట చెబితే పది పాఠాల పెట్టు. అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

సిగరెట్, గుట్కా తెమ్మని పిల్లల్ని పాన్ డబ్బాకు పంపొద్దు. 18 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మడం, బడికి వంద గజాల లోపు అమ్మడం 2003 పొగాకు చట్టం ప్రకారం నేరం. పిల్లలకు మద్యం గానీ పొగాకు గానీ ఇస్తే 2015 బాలల న్యాయ చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. దావత్‌లో సరదాకు ఒక చుక్క నాకించడం, కల్లు చల్లదనమని చెంచాడు పోయడం ఇందులోకే వస్తాయి. కల్తీ కల్లులో అల్‌ప్రజోలం లాంటి నిద్రమాత్రల మందు కలిపిన ఉదంతాలు హైదరాబాద్‌కు కొత్త కాదు. చిన్న ఒంటికి ఆ చెంచాడే ఊపిరి మందగించేంత కావచ్చు. పార్టీ అయ్యాక గ్లాసుల్లో మిగిలినవి ఆ రాత్రే పారబోయండి, పొద్దున్నే ముందు లేచేది పిల్లలే.

పాన్‌లోకి వాడే సున్నం ట్యూబులు, పొట్లాలు పిల్లలు నొక్కితే పేలి కంట్లో పడతాయి. చూపు పోయేంత గాయమవుతుంది. ఇవి ఇంట్లో ఉంటే తాళంలోనే ఉండాలి.

బయటివాళ్లు ఇచ్చే వాటికీ నియమం అదే, ఒక్క మాట చేరుతుంది: "ఎవరికీ చెప్పకు అని ఎవరైనా ఏదైనా ఇస్తే, అదే ముందు అమ్మకు చెప్పాల్సిన విషయం."

మింగేశాక

పిల్లలకు నేర్పాల్సినవి రెండే: నోట్లో ఉన్నది ఉమ్మేయడం, పరుగెత్తి వచ్చి చెప్పడం. ఆరేళ్లు దాటిన వాళ్లకు 108 కు ఫోన్ చేయడం, ఇంటి చిరునామా చెప్పడం అలవాటు చేయండి.

పెద్దలు చేయాల్సినవి ఇవి. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు పోయొద్దు, గొంతులో వేలు పెట్టొద్దు. యాసిడ్ పైకి వస్తే గొంతును రెండోసారి కాలుస్తుంది, కిరోసిన్ పైకి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. పాలు, నిమ్మరసం, కోడిగుడ్డు లాంటి ఇంటి చిట్కాలూ వద్దు. నోరు నీళ్లతో తుడవండి. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి ధారాళంగా కడగండి. కంట్లో సున్నం పడితే కుళాయి కింద రెప్ప తెరిచి పట్టుకుని కనీసం 20 నిమిషాలు ఆపకుండా కడిగి, ఆ తర్వాతే బయల్దేరండి. మింగినదాని డబ్బా లేదా మాత్రల షీటు, ఎంత మిగిలిందో చూపించడానికి వెంట తీసుకెళ్లండి. స్పృహ లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

బిళ్ల బ్యాటరీ మింగారని అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లాలి. ఏడాది దాటిన పిల్లలు మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి 10 మి.లీ. తేనె, ఆరుసార్లకు మించకుండా ఇవ్వొచ్చు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయొద్దు. ఇంకేదీ తినిపించొద్దు.

ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రోజంతా ఉచితంగా సలహా ఇస్తుంది. దీన్నీ 108నీ ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. విషం మింగిన పిల్లల్ని బస్తీ దవాఖానాలో ఆపకుండా నేరుగా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ పిల్లల ఆసుపత్రికో, దగ్గర్లో పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికో తీసుకెళ్లాలి.

అలవాటు పడిందా లేదా

నెల తర్వాత చూడండి. చిన్న పటికబెల్లం ముక్కను తెల్ల కాగితంలో చుట్టి, మీ కంటికి కనిపించే చోట బల్ల మీద ఉంచండి. పిల్లలు వచ్చి "ఇదేంటి?" అని అడిగితే అప్పుడే విప్పి ఇచ్చేయండి, అడిగినందుకు దక్కినట్టు తెలియాలి. నేరుగా నోట్లో వేసుకుంటే కోప్పడకుండా ఆ వారం మూడు పళ్లాల ఆట మళ్లీ మొదటినుంచి ఆడించండి. ఎండాకాలం సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్లొచ్చాక ఈ అలవాటు తప్పకుండా సడలుతుంది, అప్పుడు ఇంకోసారి చూడాలి. దసరా, సంక్రాంతికి చుట్టాలు దిగగానే వాళ్ల హ్యాండ్‌బ్యాగులు అడిగి తీసుకుని బీరువాలో పెట్టండి. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు వాటి పై జేబులోనే ఉంటాయి.